ముందు మీ పైపు సంగతి చూడండి, తర్వాత మా కొళాయి

"నీటిని పొదుపుగా వాడండి" అని రాసిన బోర్డు కిందే పైపు పగిలి నీళ్లు రోడ్డంతా పారుతుంటే చదివేవాడికి ఒళ్లు మండదా? ఇక్కడ ఇన్ని నీళ్లు పోతుంటే నేను మిగిల్చే బకెట్ ఏ మూలకి అనిపిస్తుంది, ఇంటికెళ్లి కొళాయి ఇంకాస్త ధారాళంగా తిప్పుతాడు. అటు నీళ్ల ఆఫీసు వాళ్లని కదిలిస్తే, జనం ట్యాంకు నిండి పొంగుతున్నా మోటారు ఆపరండీ, లీకు కనబడినా ఒక్కరూ ఫోన్ చెయ్యరండీ అంటారు. రెండూ నిజమే, అందుకే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

నన్నడిగితే మొదటి అడుగు వెయ్యాల్సింది ప్రభుత్వమే. కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో 1993లో పరిస్థితి ఎలా ఉండేదంటే, ఊళ్లోకి పంపిన నీళ్లలో 72 శాతం లెక్కకే వచ్చేవి కావు. కొంత లీకులు, కొంత దొంగ కనెక్షన్లు, మీటర్ల సంగతి సరేసరి. అలాంటి చోట జనాన్ని పొదుపు చెయ్యమనడం చిల్లికుండ చేతికిచ్చి జాగ్రత్తగా పట్టుకో అనడమే కదా. అక్కడి నీటి సంస్థ బాధ్యత ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు చేతికొచ్చాక పాత పైపులు మార్చారు, మీటర్లు పెట్టారు, దొంగ కనెక్షన్లు పీకేశారు, పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర కూడా బిల్లు వసూలు చేశారు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది. ఆయనకి 2006లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది.

లీకులు పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. 24 గంటలూ నీళ్లిచ్చే చోట రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాదాపు ఎవరూ నీళ్లు వాడరు, ఆ టైములో కూడా ఒక వార్డులోకి నీళ్లు జోరుగా వెళ్తున్నాయంటే అందులో ఎక్కువ భాగం భూమిలోకి పోతున్నట్టే. అదే టైములో ప్రెషర్ కొంచెం తగ్గిస్తే, ఇంకా దొరకని లీకుల్లోంచి పోయేదీ తగ్గుతుంది, పాత పైపులు పగలడమూ తగ్గుతుంది. ఈ పనికి జనం త్యాగాలేమీ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు మన వైపు చూద్దాం. రాత్రి పడుకునే ముందు అన్ని కొళాయిలూ కట్టేసి మీటర్ అంకె రాసుకోండి, పొద్దున ఎవరూ నీళ్లు ముట్టకముందే మళ్లీ చూడండి. మధ్యలో ఏ ట్యాంకూ నిండకుండా ఉండి కూడా అంకె కదిలిందంటే ఇంట్లోనే ఎక్కడో లీకుంది. ముందు అనుమానించాల్సింది టాయిలెట్ ఫ్లష్ ట్యాంకుని, ఎందుకంటే లోపలి రబ్బరు అరిగితే చప్పుడు లేకుండా కారుతుంది. ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చెయ్యకుండా ఒక పావుగంట వదిలెయ్యండి. కమోడ్‌లోకి రంగు దిగిందా, దొంగ దొరికినట్టే. సెకనుకో చుక్క చొప్పున కారే కొళాయి కూడా రోజుకి 20 లీటర్ల దాకా పోగొడుతుంది, మనమేమో వాషర్ మార్చడానికి నెలలు వాయిదా వేస్తాం.

ఇద్దరూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికాలో 2018 నాటి కేప్‌టౌన్ ఉంది. జలాశయాలు అడుగంటి, కొళాయిలు ఆపేసే రోజు వస్తుందని నగరపాలక సంస్థే ముందుగా చెప్పేసింది, ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లే అంది. జలాశయాల్లో ఎంత ఉందో, ఊరు ఎంత వాడిందో ఎప్పటికప్పుడు బయటపెట్టింది. ప్రెషర్ తగ్గించింది, రేట్లు పెంచింది. జనం స్నానం నీళ్లు పట్టి టాయిలెట్లో పోసుకున్నారు. మూడేళ్లలో నగరం వాడకం సగానికి పడిపోయింది, ఆ తర్వాత వానలొచ్చి గండం గట్టెక్కింది. తక్కువ వాడిన ఇళ్లకి ఆకుపచ్చ చుక్కలు పెట్టి ఆన్‌లైన్‌లో మ్యాప్ కూడా పెట్టారు. అది మాత్రం నాకు నచ్చలేదు, నా ఇంటి లెక్క పక్కింటాయనకెందుకు? వీధి మొత్తానికి ఒక అంకె పెడితే సరిపోయేది.

ఆ కథలో ఇంకో ముక్కుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. జనం తక్కువ వాడేసరికి సంస్థ ఆదాయం పడిపోయింది, దాంతో ఎంత వాడినా మారని స్థిర ఛార్జీ ఒకటి కనెక్షన్ పైపు సైజుని బట్టి వేశారు. పొదుపు చేసినందుకు జరిమానానా అని జనానికి కోపం రాదూ! పైపులు, పంపులు, జీతాల ఖర్చు వాడకంతో పాటు తగ్గదు, అది నిజమే. కానీ ఆ మాట పొదుపు చెయ్యమని అడిగిన రోజే చెప్పాలి, బిల్లు వచ్చాక కాదు.

వాన నీళ్ల గురించి ఒక్క మాట. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. చాలా చోట్ల ఇంకుడు గుంత ప్లాన్ కాగితం మీద ఉంటుంది, అనుమతి వచ్చాక దాని మొహం చూసేవాడుండడు. ఏటా వానలకి ముందు పూడిక తియ్యడం ఇంటివాళ్ల పని, తీశారో లేదో వచ్చి చూడటం ఆఫీసు పని.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక్క వార్డు చాలు. వార్డులోకి వచ్చే పెద్ద పైపు మీద ఒక మీటరు పెట్టి, అది చూపించిన అంకెనీ ఇళ్ల మీటర్లన్నీ కలిపిన అంకెనీ నెలకోసారి పక్కపక్కన బోర్డు మీద రాయండి. దాని కిందే ఆ నెల వచ్చిన లీకు ఫిర్యాదులు ఎన్ని, బాగుచేసినవి ఎన్ని, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టింది అన్నదీ రాయండి. పొదుపుగా వాడండి అన్న బోర్డు ఎలాగూ ఉంది కదా, దాని వెనక వైపు ఖాళీయే.