‘ఏం చెప్తే మంచిది మేడం?’

నేను సైకాలజిస్టుని. పదహారు దాటి పద్దెనిమిది నిండని పిల్లల మీద హత్యలాంటి ఘోరమైన కేసు పడితే, వాళ్లను పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని తేల్చే ముందు పిల్లల మీది కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు మాలాంటి వాళ్లను పిలుస్తుంది. మొన్న అలా ఒక అబ్బాయిని చూసి వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. గుర్తుపట్టే వివరాలేవీ రాయను. చట్టం ఒప్పుకోదు, నాకూ మనసొప్పదు.

వాడు కూర్చున్న కుర్చీకి చేతి దగ్గర రెగ్జిన్ చిరిగింది. లోపలి స్పాంజిని గోటితో గిల్లి, చిన్న చిన్న ఉండలు చేసి, టేబుల్ అంచున వరసగా పేరుస్తున్నాడు. ఏది అడిగినా ఒకటే జవాబు. కత్తితో పొడిస్తే మనిషి చనిపోతాడని తెలుసా? తెలుసు మేడం. పోలీసులు పట్టుకుంటారని? తెలుసు మేడం. కాసేపాగి తనే అడిగాడు: “ఏం చెప్తే మంచిది మేడం?”

పర్యవసానం తెలిసినవాడి తెలివా అది, వైవాలో మార్కులు పోతాయని భయపడే పిల్లాడి మాటా? గంటసేపట్లో నేను తేల్చాల్సింది ఇదే.

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో 15వ సెక్షన్ నాలుగు సంగతులు చూడమంటుంది. ఆ నేరం చేయగల మానసిక సామర్థ్యం, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, ఏ పరిస్థితుల్లో నేరం చేశాడంటున్నారో అన్నది. మొదటి మూడూ ఎలాగోలా రాయొచ్చు. నాలుగోదాని దగ్గర నా పెన్ను ఆగిపోతుంది. ఎందుకంటే ఈ అంచనా విచారణ కాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. వాడు చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. “నేనక్కడ లేను మేడం” అంటున్న పిల్లాణ్ని, ఏ పరిస్థితుల్లో చేశావని ఏ నోటితో అడగను? ముందు నేరం రుజువు కావాలి, ఈ ప్రశ్న ఆ తర్వాత రావాలి. ఎన్నాళ్లుగానో నేను మొత్తుకుంటున్నది అదే.

పైగా తెలియడం వేరు, ఆగగలగడం వేరు. ఫ్యాన్ కింద కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే పన్నెండేళ్ల వాడూ తప్పేదో ఒప్పేదో చెప్తాడు. చుట్టూ నలుగురు స్నేహితులు, ఒంటి నిండా రోషం ఉన్న రాత్రి ఆ తెలివి ఎంతవరకు పనిచేస్తుంది? తనను తాను ఆపుకునే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది.

బోర్డు దగ్గరే కేసు తేలితే, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు స్పెషల్ హోమ్, అంటే ఇలాంటి పిల్లల్ని ఉంచి దిద్దే చోటు. పిల్లల కోర్టుకి వెళ్లి, అక్కడ కూడా పెద్దవాడిలానే విచారించాలనుకుంటే, ఉరి, విడుదలకు వీల్లేని యావజ్జీవం తప్ప ఏ శిక్షయినా పడొచ్చు. ఇరవై ఒకటి నిండేదాకా జైలుకి పంపరు, ఆ తర్వాత పంపొచ్చు. మిగతా పిల్లల రికార్డులు కొన్నాళ్లకు చెరిపేస్తారు. వీళ్లవి ఉండిపోతాయి.

పిల్లల్ని ఇలా పెద్దవాళ్లలా విచారించొచ్చన్నది 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన నిర్భయ ఘోరం తర్వాత వచ్చిన మార్పు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. ఆ రోజు బయట వరండాలో చనిపోయిన కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. నేను ఎవరో తెలిసి లేచి వచ్చింది. “వాడికి పదిహేడేనంట, చిన్నపిల్లాడంట. మావాడికి పంతొమ్మిదమ్మా. రెండేళ్లకే పెద్దోడైపోయాడా?” నా దగ్గర జవాబు లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా పనిలో అలా పట్టుకోకూడదేమో.

బోర్డులో పిల్లల మనస్తత్వం చదువుకున్నవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి మాట. కానీ ఆ నిపుణులకు గంట సరిపోదు. నాలుగైదుసార్లు కలవాలి, ఇంట్లోవాళ్లతో, చదువు చెప్పినవాళ్లతో మాట్లాడాలి. మళ్లీ కలవనివ్వండని బోర్డుకి రాశాను. నాలుగో అంశం కింద, నేరం చేశాడో లేదో తేలకుండా దీనికి జవాబివ్వలేనని రాసి సంతకం పెట్టాను.

టైమైపోయిందని బయటి నుంచి పిలిచారు. వాడు లేచి, టేబుల్ మీది స్పాంజి ఉండలన్నీ ఏరి, ఒక్కొక్కటే చిరుగులోకి తిరిగి కుక్కాడు.

“చూస్తే తిడతారు మేడం” అన్నాడు.