మధ్యయుగ చర్చి కళ: తేదీలు తర్వాత, ముందు బరువెటు దిగుతుందో చూడండి

యూజీసీ నెట్ విజువల్ ఆర్ట్ రాసేవాళ్లకైనా, గేట్ ఆర్కిటెక్చర్ రాసేవాళ్లకైనా పాశ్చాత్య కళాచరిత్రలో కాళ్లు తడబడే చోటు 313 నుంచి 1400 దాకా ఉన్న కాలం. గ్రీకు, రోమన్ ఎలాగో వచ్చేస్తాయి. రినైజాన్స్ పేర్లు ఎప్పటినుంచో విన్నవే. మధ్యలో ఈ వెయ్యేళ్లు మాత్రం ఎర్లీ క్రిస్టియన్, బైజాంటైన్, కరోలింజియన్, ఒట్టోనియన్, రోమనెస్క్, గోతిక్ అని ఆరు పేర్లుగా, వాటి కింద చాంతాడంత చర్చిల జాబితాగా నోట్సులో పడి ఉంటాయి. జాబితా బట్టీ పడితే మ్యాచింగ్ బిట్లు కొన్ని దక్కుతాయి. అసర్షన్–రీజన్ దగ్గరికి వచ్చేసరికి అది పనిచేయదు, అక్కడ అడిగేది కారణం. కట్టడాల వరకు తీసుకుంటే ఈ కాలంలో కారణాలు చాలావరకు రెండు ప్రశ్నల్లోనే దొరుకుతాయి: పైకప్పు బరువు ఎటు దిగుతోంది? వెలుతురు ఎటునుంచి వస్తోంది? ఏ చర్చి పేరు చదివినా ముందు ఈ రెండూ అడగండి, తేదీ ఆ తర్వాత రాసుకోండి.

మొదట తెల్లకాగితం మీద పాత సెయింట్ పీటర్స్ ప్లాన్ గీయండి. 313లో మిలాన్ శాసనంతో క్రైస్తవానికి స్వేచ్ఛ దొరికాక కాన్‌స్టాంటైన్ రోమ్‌లో కట్టించినది ఇది. ముందు ఏట్రియం అనే బహిరంగ ప్రాంగణం, తర్వాత నార్తెక్స్ అనే ముఖమండపం, మధ్యలో పొడవాటి నేవ్ అనే నడిమి హాలు, దానికి అటు రెండు ఇటు రెండు ఐల్స్ అనే పక్క నడవలు, నేవ్‌కి అడ్డంగా ట్రాన్సెప్ట్ అనే భాగం, చివర అర్ధవృత్తంగా ఆప్స్. రోమన్ గుడి నమూనా వదిలేసి బసిలికా నమూనా ఎందుకు తీసుకున్నారన్నది మంచి ప్రశ్న. రోమన్ గుడి దేవుడి విగ్రహానికి ఇల్లు, పూజ బయట జరిగేది. క్రైస్తవ ఆరాధనకి జనమంతా లోపల చేరాలి. రోమన్లు కోర్టులకీ వ్యాపారానికీ వాడిన బసిలికా హాలు అందుకు సరిపోయింది. పైగా కప్పు కలపది, తేలిక, అందుకే గోడలు పలచగా ఉన్నా, పైన కిటికీలు వరుసగా పెట్టినా ఇబ్బంది లేదు. ఒక మెలిక గుర్తుంచుకోండి: ఆప్స్ తూర్పున ఉండటం తర్వాత స్థిరపడిన ఆనవాయితీ, పాత సెయింట్ పీటర్స్‌లో అది పడమర వైపు ఉండేది. ఈ చర్చిని 1506 నుంచి పడగొడుతూ ఇప్పటిది కట్టారు కాబట్టి, నిలిచి ఉన్న ఉదాహరణ కావాలంటే రోమ్‌లోనే సాంటా సబీనా (422–432) రాయండి.

దీని పక్కనే కేంద్రాకార ప్లాన్ కూడా గీయండి: సాంటా కోస్టాంజా, గుండ్రటి కట్టడం. సమాధులకీ, బాప్టిజం మందిరాలకీ ఈ రకం ఎక్కువ వాడారు. పొడవు ప్లాన్, గుండ్రటి ప్లాన్ రెండూ చేతికి అలవాటైతే హేజియా సోఫియా అర్థమవడానికి పెద్ద సమయం పట్టదు, అది ఆ రెండింటినీ కలిపే ప్రయత్నం కనుక. 532లో మొదలై 537కల్లా పూర్తయింది, నిర్మాతలు ట్రాలెస్‌కి చెందిన ఆంథెమియస్, మిలేటస్‌కి చెందిన ఇసిడోర్. చదరం మీద గుండ్రటి గుమ్మటం నిలబెట్టాలంటే మూలలు నింపాలి. నాలుగు పెద్ద కమానుల మధ్య గోళంలోంచి కోసినట్టుండే వంపు త్రికోణాలు పెడితే అవి పెండెంటివ్‌లు. మూలకి అడ్డంగా చిన్న కమాను వేసి చదరాన్ని అష్టభుజంగా మారిస్తే అది స్క్వించ్. రెండోది మన సిలబస్‌లో మళ్లీ ఢిల్లీ అలై దర్వాజా (1311) దగ్గర వస్తుంది, అక్కడ స్క్వించ్ రాయాలి, ఇక్కడ పెండెంటివ్. హేజియా సోఫియా మొదటి గుమ్మటం మరీ చదునుగా ఉండేది. కమాను గానీ గుమ్మటం గానీ ఎంత చదునుగా ఉంటే పక్కలకి తోపు అంత ఎక్కువ. భూకంపాలకి బీటలు వారి 558లో కొంత భాగం కూలింది. చిన్న ఇసిడోర్ సుమారు 6 మీటర్ల ఎత్తు పెంచి మళ్లీ కట్టాడు. వ్యాసం దాదాపు 31 మీటర్లు, అడుగున 40 కిటికీలు. గుమ్మటం గాల్లో తేలుతున్నట్టు కనిపించేది ఆ కిటికీల వల్లనే.

రవెన్నాలోని సాన్ విటాలే (547) అష్టభుజం. కరోలింజియన్ కాలంలో షార్లమేన్ ఆఖెన్‌లో కట్టించుకున్న ప్రార్థనా మందిరానికి (805) నమూనా ఇదే. ఆఖెన్‌లో లోపల 8 భుజాలు, బయట 16. ఈ ఒక్క లింకు పట్టుకుంటే కరోలింజియన్ సగం అయినట్టే. మిగతా సగానికి కోర్వీ వెస్ట్‌వర్క్ (చర్చి పడమటి కొసన బురుజుల్లా లేచే ముఖభాగం), సెయింట్ గాల్ మఠం ప్లాన్. ఒట్టోనియన్‌కి హిల్డెస్‌హైమ్ సెయింట్ మైకేల్, ఆ ఊరి కంచు తలుపులు (1015), కొలోన్‌లోని గెరో శిలువ చాలు, అంతకు మించి ఇక్కడ సమయం పెట్టొద్దు.

సమయం పెట్టాల్సింది రోమనెస్క్ నుంచి గోతిక్‌కి మారే దగ్గర. కలప కప్పులు తగలబడేవి. రాతి కప్పు వేస్తే నిప్పు భయం తగ్గుతుంది, పాట గంభీరంగా మోగుతుంది, కానీ బరువు. వాల్ట్ అంటే కమానులా వంగిన రాతి కప్పు. బ్యారెల్ వాల్ట్ అంటే కమానుని పొడవునా లాగినట్టు, దాని తోపు గోడ పొడవునా సమానంగా పడుతుంది. గోడకి కన్నం పెడితే అక్కడ బలం పోతుంది. అందుకే గోడలు మందం, కిటికీలు చిన్నవి. తులూజ్‌లోని సాన్ సెర్నాన్‌లో నేవ్‌కి క్లియర్‌స్టోరీ (గోడ పైభాగపు వరుస) కిటికీలే లేవు, ఐల్స్ మీది గ్యాలరీలు వాల్ట్‌కి అటూ ఇటూ ఆసరా. రెండు బ్యారెళ్లు అడ్డంగా కలిస్తే గ్రోయిన్ వాల్ట్, బరువు నాలుగు మూలలకే దిగుతుంది, మధ్య గోడ ఖాళీ అవుతుంది. జర్మనీలోని స్పెయర్ కేథడ్రల్ ఉదాహరణ.

ఇక్కడొక లెక్క చేసి చూడండి, చదివినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉన్న ఒక బే (నాలుగు స్తంభాల మధ్య పడే కప్పు ముక్క) తీసుకోండి. అర్ధవృత్తపు కమానుకి ఎత్తు వెడల్పులో సగం. కాబట్టి నేవ్‌కి అడ్డంగా వేసే కమాను 6 మీటర్లు లేస్తుంది, గోడ వెంట వేసేది 3 మీటర్లే, మూల నుంచి మూలకి వేసేది (కర్ణం దాదాపు 13.4) 6.7 మీటర్లు. మూడూ మూడు ఎత్తులు, కప్పు గుట్టలు గుట్టలుగా వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికే బేలు చదరంగా పెట్టేవాళ్లు. మొనదేలిన కమానులో వెడల్పు ఏదైనా ఎత్తు మనం కోరినంత తెచ్చుకోవచ్చు. మూడింటినీ 6.7కి తెస్తే దీర్ఘచతురస్రపు బే మీద కూడా కప్పు సమంగా కూర్చుంటుంది, పక్క తోపూ తగ్గుతుంది. మొన కమానులో ఈక్విలేటరల్ రకం గీయాలంటే వెడల్పు 6 సెంటీమీటర్లు తీసుకుని, రెండు చివర్లలోనూ కాంపాస్ పెట్టి 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చాపాలు వేయండి, మొన దాదాపు 5.2 ఎత్తులో కలుస్తుంది. కేంద్రాలు వెడల్పు బయటికి జరిగితే లాన్సెట్.

తర్వాత రిబ్, అంటే వాల్ట్ కింద ఎముకలా వేసే సన్నటి రాతి కమాను. స్లాబ్ వేసేటప్పుడు మన మేస్త్రీలు సెంటరింగ్ కొడతారే, రాతి వాల్ట్‌కీ అదే కావాలి, కలప చట్రం మీద రాళ్లు పేర్చి సున్నం గట్టిపడ్డాక చట్రం తీస్తారు. గ్రోయిన్ వాల్ట్‌కి అడుగంతా సెంటరింగ్ కావాలి. రిబ్ వాల్ట్‌లో ముందు రిబ్‌లకే గట్టి సెంటరింగ్, అవి నిలిచాక మధ్య ఖాళీలని పలచటి రాయితో నింపుతారు. కలప ఆదా, అదే చట్రాన్ని పక్క బేకి జరుపుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని డర్హామ్ (1093–1133) నేవ్‌లో రిబ్‌లున్నాయి, అడ్డ కమానులకి మొన కూడా ఉంది, అయినా అది రోమనెస్కే. క్లూనీ మూడో చర్చిలోనూ (1088లో మొదలు) మొన కమానులు ఉండేవి, అంతకుముందే ఇస్లామిక్ కట్టడాల్లో అవి మామూలు. కాబట్టి ‘మొన కమానును గోతిక్ నిర్మాతలు కనిపెట్టారు’ అనే స్టేట్‌మెంట్ వస్తే తప్పు అని పెట్టండి. వాటన్నిటినీ ఒక్కచోట కలిపి గోడని గాజుగా మార్చిన మొదటి చోటు ప్యారిస్ దగ్గరి సాన్ డెనీ, మఠాధిపతి సూజేర్, కొత్త కొయర్ (బలిపీఠం ఉండే తూర్పు భాగం) ప్రతిష్ఠ 1144.

ఫ్లయింగ్ బట్రెస్ గురించి ఒక్క వాక్యంలో సరిపెట్టొద్దు. అది ఐల్ కప్పు మీదుగా దూకే సగం కమాను, వాల్ట్ తోపుని బయట ఉన్న బరువైన బట్రెస్‌కి అందిస్తుంది. ఆ బట్రెస్ నెత్తిన ఉండే శిఖరం లాంటి పినాకిల్ సోకు కోసమే అనుకుంటారు. దాని బరువు పక్కకి పోతున్న తోపుని కిందికి వంచుతుంది, బలరేఖ బట్రెస్ లోపలే ఉంటుంది. షార్త్ర్‌లో 1194 అగ్నిప్రమాదం తర్వాత కట్టిన నేవ్‌లో బట్రెస్‌ల మీద భరోసాతో గ్యాలరీ అంతస్తునే తీసేశారు. లాన్ కేథడ్రల్‌లో ఉన్న నాలుగంతస్తుల గోడ (కింది నుంచి ఆర్కేడ్ అనే కమానుల వరుస, గ్యాలరీ, ట్రైఫోరియం అనే ఇరుకు నడవ, క్లియర్‌స్టోరీ) ఇక్కడ మూడంతస్తులైంది, పై కిటికీలు ఆర్కేడ్‌తో పోటీపడేంత ఎత్తు. లాన్, ప్యారిస్ నోత్ర్‌దామ్ వాల్ట్‌లు రిబ్‌లతో ఆరు భాగాలైనవి, షార్త్ర్ నుంచి నాలుగు భాగాలవి. బొమ్మ చూసినప్పుడు ముందు అంతస్తులు లెక్కపెట్టండి, తర్వాత వాల్ట్ భాగాలు, అప్పుడు పేరు.

ఫ్రెంచి కేథడ్రల్స్ వాల్ట్ ఎత్తుల వరుస కూడా తేదీల వరుసే: షార్త్ర్ సుమారు 37 మీటర్లు, రైమ్స్ (1211లో మొదలు) 38, అమియాన్ (1220) 42, బోవే 48. బోవే కొయర్ వాల్ట్ 1284లో కూలింది. కారణం మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు, కానీ తిరిగి కట్టినవాళ్లు స్తంభాల మధ్య అదనపు స్తంభాలు నిలిపి, వాల్ట్‌ని ఆరు భాగాలు చేశారు. వాళ్లు ఏ చోటు బలహీనమని అనుకున్నారో దాంతో తెలిసిపోతుంది.

క్రోనాలజీకి ఒకే ఏడాది జంటలు బాగా పనికొస్తాయి. 1063: పీసా కేథడ్రల్, వెనిస్ సెయింట్ మార్క్స్ రెండూ మొదలు, ఒకటి శిలువ ఆకారపు బసిలికా, ఇంకొకటి ఐదు గుమ్మటాల బైజాంటైన్ పద్ధతి. 1220: అమియాన్, సాల్జ్‌బరీ రెండూ మొదలు. ఫ్రెంచివాళ్లు ఎత్తుకి పోతే ఇంగ్లీషువాళ్లు పొడవుకి పోయారు, సాల్జ్‌బరీలో తూర్పు కొస చదునుగా ఉంటుంది, ట్రాన్సెప్ట్‌లు రెండు. 1248: ప్యారిస్‌లో సాంత్ షపెల్ ప్రతిష్ఠ, కొలోన్ కేథడ్రల్ మొదలు. కొలోన్ పూర్తయింది 1880లో, ఆ ఏడాది విడిగా అడుగుతారు.

శిల్పంలో ఓతాఁ కేథడ్రల్ పడమటి టింపనం (తలుపు మీది అర్ధవృత్తపు శిల్పఫలకం, సుమారు 1130) ఒక్కటి నిదానంగా చూస్తే తుది తీర్పు దృశ్యాలన్నీ చదవడం వస్తుంది. మధ్యలో బాదం ఆకారపు మాండోర్లాలో క్రీస్తు, ఆయన కాళ్ల కింద, చెక్కినవాడిగా చెప్పే గిస్లెబెర్తుస్ పేరు. ధన్యులు క్రీస్తుకి కుడి వైపు, అంటే మనకి ఎడమ. ఈ కుడి ఎడమలు తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మనకి కుడి వైపున ఆత్మల తూకం, మైకేల్ దూత ఒకపక్క, తక్కెడ లాగే దయ్యం ఇంకోపక్క. కింది వరుసలో రెండు పెద్ద చేతులు ఒక ఆత్మ తలని పట్టి లేపుతుంటాయి. 18వ శతాబ్దంలో దీన్ని నాటుగా ఉందని సున్నంతో పూడ్చేశారు, దాంతో ఫ్రెంచి విప్లవంలో విధ్వంసం తప్పింది, 1837లో మళ్లీ బయటపడింది. దీని తర్వాత షార్త్ర్ రాజద్వారం (1145–55) స్తంభాల్లా బిగుసుకున్న బొమ్మలు, ఆపైన రైమ్స్‌లో ఒకరివైపు ఒకరు తిరిగిన మేరీ, ఎలిజబెత్‌లు పక్కపక్కన పెట్టి చూడండి, రాయి గోడ నుంచి విడివడి మనిషి కావడం కనిపిస్తుంది.

మొజాయిక్ అంటే సాన్ విటాలేలో జస్టినియన్, థియోడోరా. రాజు చేతిలో రొట్టె పళ్లెం, రాణి చేతిలో ద్రాక్షసారా పాత్ర, పేరు రాసి ఉన్నది బిషప్ మాక్సిమియన్ ఒక్కడికే. బంగారు ముక్కలంటే గాజు పొరల మధ్య బంగారు రేకు, వాటిని కొద్దికొద్దిగా వాలుగా అద్దుతారు, అందుకే దీపం కదిలితే గోడ మెరుస్తుంది. 726 నుంచి 787, మళ్లీ 815 నుంచి 843 బైజాంటైన్ రాజ్యంలో విగ్రహభంజన కాలం, అంటే పూజించే బొమ్మల్ని నిషేధించిన కాలం. ఆ ముందరి చెక్క ఐకాన్లు (పూజకి వాడే చిత్రాలు) సైనాయిలోని సెయింట్ కేథరిన్ మఠంలో మిగిలాయి, చక్రవర్తి ఆజ్ఞ అక్కడిదాకా సాగలేదు.

ఫ్రెస్కోలో ప్రశ్న వచ్చేది క్రమం మీద: గరుకు పూత అరిచ్చో, దాని మీద ఎర్రమట్టి గీత సినోపియా, ఆ రోజు వేయగలిగినంత మేరకే నున్నటి ఇంటోనాకో, తడి ఆరకముందే రంగు. ఒక రోజు ముక్క జియోర్నాటా. పాడువాలో జొట్టో వేసిన స్క్రోవెన్యీ మందిరంలో (సుమారు 1305) మేరీ నీలి వస్త్రం చాలాచోట్ల రాలిపోయింది, అజురైట్ నీలం తడి సున్నంలో నిలవదని ఆరిన గోడ మీద జిగురుతో వేశారు. పాత టెంపెరా (గుడ్డుసొనతో కలిపిన రంగు) పలకల మీద ముఖాలు ఆకుపచ్చగా కనిపించేదీ ఇలాంటి కారణంతోనే: చర్మానికి అడుగున ఆకుపచ్చ మట్టి రంగు వేసేవాళ్లు, పైన పలచటి గులాబీ పొర అరిగితే అడుగు బయటికొస్తుంది.

రంగుగాజు లోపలినుంచి, పగటిపూట చూడాల్సిన కళ. మెదక్ కేథడ్రల్ (1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ) దగ్గర్లో ఉన్నవాళ్లు ఎండ బాగా ఉన్నప్పుడు వెళ్లి దాని కిటికీలు చూసి రండి. అయితే అది గోతిక్ రివైవల్, మధ్యయుగపు జాబితాలో రాయకండి. గాజుకి రంగు కరిగించేటప్పుడే కలుస్తుంది, నీలానికి కోబాల్ట్. ముఖం, మడతలు మాత్రం నల్ల రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు, సీసపు పట్టీలతో అతుకుతారు. సిల్వర్ స్టెయిన్ పసుపు వచ్చింది 1300 ప్రాంతంలో, అంతకుముందరి కిటికీకి అది అంటగడితే జవాబు తప్పే.

పరీక్ష హాల్లో ఈ భాగానికి వ్యూహం పరీక్షని బట్టి మార్చండి. నెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ వదలొద్దు. గేట్‌లో ఎంసీక్యూ తప్పితే ఒక మార్కు ప్రశ్నకి మూడోవంతు, రెండు మార్కుల దానికి మూడింట రెండు వంతులు పోతాయి. ఎంఎస్‌క్యూలో (సరైన ఆప్షన్లు ఒకటికి మించి ఉండగల ప్రశ్న) పోయేదేమీ లేదు గానీ సగం సరైన జవాబుకి సగం మార్కు రాదు, అక్కడ ‘డర్హామ్: రిబ్ ఉంది, రోమనెస్క్’ లాంటి మెలికలే ఆప్షన్లుగా వస్తాయి. ప్రీవియస్ పేపర్లు చేసేటప్పుడు తప్పు ఆప్షన్లని కూడా వదలకండి: అది ఏ చర్చికి సరిపోతుందో పక్కన రాసి, ఆ చర్చి సెక్షన్ బొమ్మ చిన్నగా గీసి, బరువు దిగే దారి బాణంతో గుర్తుపెట్టండి.