సూపర్‌మ్యాన్ 2: ఒకే పెట్టెలో రెండు కూర్పులు, ఏది ఎలా చూడాలి

వార్నర్ సంస్థ 2023లో తెచ్చిన క్రిస్టఫర్ రీవ్ సూపర్‌మ్యాన్ 4కె పెట్టె మీద ఐదు సినిమాలు అని రాసి ఉంటుంది. లెక్కపెడితే నాలుగే. 1978లో ఒకటి, 1980లో రెండోది, 1983లో మూడోది, 1987లో నాలుగోది. ఐదోదిగా లెక్కేసింది రెండో సినిమాకే ఉన్న ఇంకో కూర్పుని, అంటే మొదటి దర్శకుడు రిచర్డ్ డానర్ పేరుతో 2006లో వచ్చిన డానర్ కట్‌ని. ఈ పెట్టె కొనాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు దాదాపు అంతా ఆ ఐదో డిస్క్‌లోనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డానర్ కట్ పూర్తయిన సినిమా కాదు. సగంలో ఆగిపోయిన షూటింగ్‌ని పాతికేళ్ల తర్వాత దొరికిన ముక్కలతో పేర్చి చూపించిన నమూనా. సినిమాగా 1980లో థియేటర్లలోకి వచ్చిన లెస్టర్ కూర్పే నిలబడుతుంది. కానీ కథకి ప్రాణం లాంటి మూడు దృశ్యాలు డానర్ కట్‌లోనే ఉన్నాయి. అందుకే ఒకటి ఉంచుకుని రెండోది పారేయడానికి లేదు.

రెండు కూర్పులు ఎందుకు వచ్చాయో క్లుప్తంగా. 1977లో డానర్ మొదటి రెండు సినిమాల్నీ కలిపి తీయడం మొదలుపెట్టాడు. బడ్జెట్, షెడ్యూలు దగ్గర నిర్మాతలు సల్కైండ్ తండ్రీకొడుకులతో పడలేదు. రెండో భాగం చాలావరకు తీసేశాక పక్కన పెట్టి ముందు మొదటిది పూర్తి చేశారు. అది బ్రహ్మాండంగా ఆడింది. అయినా డానర్‌ని తీసేసి రిచర్డ్ లెస్టర్‌ని పెట్టుకున్నారు. దర్శకుడిగా లెస్టర్ పేరు పడాలంటే సినిమాలో అతను తీసిన భాగం తగినంత ఉండాలి కాబట్టి, డానర్ తీసిన మంచి దృశ్యాల్ని కూడా మళ్లీ తీశారు. విలన్ లెక్స్ లూథర్ వేషం వేసిన జీన్ హాక్‌మన్ మళ్లీ రానన్నాడు. అందుకే లెస్టర్ కూర్పులో హాక్‌మన్ ముఖం స్పష్టంగా కనిపించే ప్రతి షాటూ డానర్ తీసిందే. వెనకనుంచి చూపించి, గొంతు కొంచెం తేడాగా వినిపిస్తే అక్కడ డూప్, పైన డబ్బింగ్.

సూపర్‌మ్యాన్ తండ్రి జోర్-ఎల్‌గా వేసిన మార్లన్ బ్రాండో గొడవ వేరు. మొదటి సినిమాకి 37 లక్షల డాలర్లు, పైగా వసూళ్లలో వాటా. ఆ వాటా మీద కోర్టుకెక్కాడు. రెండో భాగంలో ఆయన్ని వాడితే మళ్లీ వాటా ఇవ్వాలని నిర్మాతలు జోర్-ఎల్ దృశ్యాలన్నీ కోసేసి, ఆ మాటలు తల్లి లారా వేషం వేసిన సుజానా యార్క్ చేత చెప్పించారు. ఈ కోతే సినిమాకి పెద్ద దెబ్బ.

ఎలాగంటే, ప్రేమించిన విలేకరి లోయిస్ కోసం సూపర్‌మ్యాన్ శక్తులు వదులుకుంటాడు. తర్వాత డైనర్‌లో ఒక లారీ డ్రైవర్ చేతిలో తన్నులు తిని, రక్తం చూసుకుని, కాలినడకన తన స్థావరం మంచుకోటకి తిరిగొస్తాడు. లెస్టర్ కూర్పులో అక్కడ ఆకుపచ్చ స్ఫటికం కనిపిస్తుంది, దాన్ని చూస్తాడు, అంతే. తర్వాత చూసేసరికి మెట్రోపొలిస్ మీద ఎగురుతూ ఉంటాడు. ఎప్పటికీ తిరిగి రావన్న శక్తులు ఎలా వచ్చాయో ఒక్క ముక్క లేదు. డానర్ కట్‌లో ఆ ఖాళీ నిండింది. జోర్-ఎల్ తనలో మిగిలిన ఆఖరి శక్తిని కొడుక్కి ఇచ్చేస్తాడు. దాంతో కోటలో ఇక ఆయన గొంతు కూడా ఉండదు. మొదటి సినిమాలో పసివాడిని గ్రహం దాటించేటప్పుడు తండ్రి చెప్పిన జోస్యం ఇక్కడ నిజమవుతుంది. రెండు సినిమాలు కలిపి రాసిన కథ అని తెలిసేది ఈ ఒక్క దృశ్యంలోనే. (1980లోనే మన ఎన్టీఆర్ కూడా సూపర్‌మ్యాన్ అయ్యారు. అక్కడ శక్తి ఆంజనేయుడి వరం. కనీసం ఎవరిచ్చారో చెప్పారు.)

వరస మారడం కూడా గమనించండి. లెస్టర్ దగ్గర ముందు శక్తులు పోతాయి, తర్వాత ఇద్దరూ ఒకటవుతారు. డానర్ దగ్గర ఇది తలకిందులు. లోయిస్ అతని నీలం చొక్కా వేసుకుని పక్కన నిలబడి ఉండగా కొడుకు తండ్రితో వాదిస్తాడు. మొదటిది ప్రేమ కోసం చెల్లించిన మూల్యంలా ఉంటుంది. రెండోదాంట్లో మాత్రం ఇది నీ సుఖం కోసమా, లోకం కోసమా అని తండ్రి నిలదీసినట్టుంటుంది. ఉన్న పాత్రలే, జరిగిన సంగతే, కానీ హీరో మీద మనకి కలిగే అభిప్రాయం వేరు.

మూడోది హోటల్ గది దృశ్యం. లెస్టర్ కూర్పులో క్లార్క్ (మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్) తివాచీ తట్టుకుని పడతాడు, చెయ్యి నిప్పుల్లో పడుతుంది, కాలదు, లోయిస్ పట్టేస్తుంది. కావాలని పడ్డాడేమో అన్న చిన్న అనుమానం తప్ప అందులో పస లేదు. డానర్ కట్‌లో లోయిస్ పిస్తోలు తీసి నేరుగా క్లార్క్‌ని కాల్చేస్తుంది. అతను నెమ్మదిగా వెన్ను నిటారు చేస్తాడు, కళ్లద్దాలు తీస్తాడు, గొంతు మారుతుంది. నీ ఊహ తప్పయితే క్లార్క్ చచ్చిపోయేవాడు కదా అంటాడు. తుపాకిలో ఉన్నది ఉత్త తూటా అని ఆమె అప్పుడు చెబుతుంది. ఇద్దరు తెలివైనవాళ్ల మధ్య పోటీ అంటే ఇది.

చిక్కేమిటంటే ఈ దృశ్యాన్ని డానర్ అసలు షూట్ చెయ్యనే లేదు. నటుల్ని ఎంచుకునేటప్పుడు తీసిన స్క్రీన్ టెస్టుల నుంచి తీసుకున్నారు. అదీ ఒక్క టెస్ట్ కాదు, రీవ్‌ది ఒకటి, మార్గట్ కిడర్‌ది ఒకటి, రెండూ కలిపి కోశారు. రీవ్‌ని చూపించే షాట్లలో మనిషి ఇంకా సన్నగా ఉంటాడు. కండలు పెంచింది ఆ టెస్ట్ తర్వాతే. కిడర్ వైపు నుంచి చూపించే షాట్లలో అదే రీవ్ ఛాతీ వెడల్పై, జుట్టు మారిపోయి కనిపిస్తాడు. ఒకసారి పోల్చుకున్నాక ఇక ఆ అతుకు కనబడకుండా పోదు. అయినా ఈ దృశ్యమే కావాలంటాను. కంటిన్యుటీ తప్పిన మంచి నటన కంటే నున్నగా అతికిన తివాచీ గొప్పదేం కాదు.

ఇక పూర్తిగా చెడింది క్లైమాక్స్. భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పే ముగింపు మొదట రెండో భాగం కోసమే అనుకున్నారు. మధ్యలో దాన్ని మొదటి సినిమాకి వాడేశారు. 2006లో డానర్, ఎడిటర్ మైకెల్ థా స్క్రిప్టులో ఉన్నట్టే దాన్ని మళ్లీ పెట్టారు. వరసగా రెండు సినిమాలు చూసినవాళ్లకి అదే మందు రెండోసారి. పైగా కాలం వెనక్కి తిరిగితే, అంతరిక్షపు చెరలోంచి తప్పించుకుని భూమి మీదికొచ్చే ముగ్గురు విలన్లూ ఇంకా బయటికే రాలేదు, శక్తులు పోలేదు, డైనర్‌లో తన్నులు తినలేదు. కానీ ఆఖర్లో క్లార్క్ అదే డైనర్‌కి వెళ్లి అదే లారీ డ్రైవర్‌ని చితక్కొడతాడు. ఆ డ్రైవర్ ఈ లెక్కన ఇతన్ని ఎప్పుడూ చూసి ఉండడు! లెస్టర్ కూర్పులో ముద్దుతో లోయిస్ జ్ఞాపకం చెరిపేయడం సిల్లీగానే ఉంటుంది, కానీ జరిగింది జరిగినట్టే ఉంటుంది కాబట్టి డైనర్ పగ అర్థవంతం.

హాస్యం సంగతికొస్తే, లెస్టర్‌ని తిట్టేవాళ్లంతా సూపర్‌మ్యాన్ ఛాతీ మీది గుర్తు పీకి పాలిథిన్ కాగితంలా విసిరే షాట్ చూపిస్తారు. న్యాయమే. డానర్ కట్‌లో అది లేదు. కానీ డానర్‌ది మహా గంభీరం అనుకోకండి, మంచుకోటలో బాత్రూమ్ జోక్ ఒకటి అక్కడే ఉంది. రీరికార్డింగ్‌లో కూడా ఇబ్బంది ఉంది. లెస్టర్‌కి కెన్ థార్న్ జాన్ విలియమ్స్ బాణీల్ని చిన్న ఆర్కెస్ట్రాతో మళ్లీ కట్టాడు, పలచగా ఉంటుంది. డానర్ కట్‌కి మొదటి సినిమా ట్రాకుల్నే తెచ్చి అతికించారు. నిండుగా ఉంటుంది కానీ ఆ ముక్క వినగానే మొదటి సినిమా దృశ్యం కళ్లముందుకొస్తుంది. 2006లో చేసిన గ్రాఫిక్స్ టీవీ సీరియల్ స్థాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

చూసే వరస ఇదీ. మొదటి సినిమా థియేటర్ కూర్పు (143 నిమిషాలు), తర్వాత లెస్టర్ కూర్పు (127), కొన్నాళ్లు ఆగి డానర్ కట్ (116). మొదటిది, వెంటనే డానర్ కట్ చూడమని చెప్పేవాళ్లున్నారు. అలా చూస్తే ఒకే క్లైమాక్స్ నాలుగున్నర గంటల్లో రెండుసార్లు వస్తుంది, డానర్‌కే అన్యాయం. మొదటి సినిమాకి 151 నిమిషాల కూర్పు, టీవీ కోసం సాగదీసిన 188 నిమిషాల కూర్పు కూడా ఉన్నాయి కానీ అవి 4కెలో లేవు, మామూలు బ్లూ-రేలో దొరుకుతాయి. 188 నిమిషాలది కుతూహలం ఉన్నవాళ్లకి మాత్రమే.

4కెలో బొమ్మ మెత్తగా ఉందని చాలామంది డిస్క్‌ని తప్పు పడతారు. తప్పు డిస్క్‌ది కాదు. మొదటి సినిమాకి, డానర్ తీసిన రెండో భాగానికి ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్. లెన్స్ ముందు ఫిల్టర్లు పెట్టి వెలుతుర్ని కావాలనే పొగమంచులా విరజిమ్మేలా చేశాడు. ఆయన 1978లో పోయారు. లెస్టర్ భాగాలు రాబర్ట్ పేంటర్ తీశారు, అక్కడ వెలుతురు చదునుగా, అంచులు పదునుగా ఉంటాయి. లెస్టర్ కూర్పులోనే ఏ షాట్ ఎవరిదో సగం వరకు దీన్ని బట్టి చెప్పొచ్చు. మిగతా సగం కిడర్ ముఖం చెబుతుంది. రెండు షూటింగ్‌ల మధ్య ఆమె బాగా చిక్కిపోయింది.

ఎగిరే షాట్లలో గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది సన్నటి నలకలు, ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పట్లో రెండు మూడు ఫిల్మ్ ముక్కల్ని ఆప్టికల్ ప్రింటర్ మీద ఒకదాంట్లోకి తీసేవారు, ప్రతి నకలుకీ గ్రెయిన్ చేరుతుంది. జొరాన్ పెరిసిక్ కనిపెట్టిన పద్ధతిలో, అంటే కెమెరా జూమ్, ప్రొజెక్టర్ జూమ్ ఒకదానితో ఒకటి జత కట్టి ముందునుంచి వెనకదృశ్యం వేసి తీసిన షాట్లు, కెమెరాలోనే పూర్తయ్యాయి కాబట్టి కాస్త శుభ్రంగా ఉంటాయి. దుస్తుల నీలం కొన్ని షాట్లలో నెమలికంఠం రంగులోకి వెళ్తుంది. నీలి తెర ముందు అసలు నీలం వేస్తే మనిషే మాయమైపోతాడు, అందుకని ఆకుపచ్చ కలిసిన నీలంతో వేరే దుస్తులు కుట్టారు. టీవీ కలర్ సెట్టింగ్ మీద చెయ్యి పెట్టకండి.

పెట్టాల్సింది వేరేవాటి మీద. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టండి. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ పూర్తిగా ఆపండి. నాయిస్ రిడక్షన్ ఉంటే గ్రెయిన్‌తో పాటు అన్స్‌వర్త్ మంచు కూడా ముద్దయిపోయి ముఖాలు మైనంలా కనిపిస్తాయి. షార్ప్‌నెస్ సున్నా, లేదా ఆ కంపెనీ సున్నా అనుకునే అంకె. ప్లేయర్‌లో 24పి (సెకనుకి 24 ఫ్రేములు) అవుట్‌పుట్ ఆన్ చెయ్యాలి, లేకపోతే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపించే పద్ధతి) రావట్లేదంటే మొదట టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు సెట్టింగ్ చూడండి. చాలా టీవీలు అమ్మేటప్పుడు దాన్ని మామూలు మోడ్‌లోనే వదిలేస్తాయి. కేబుల్ 18 జీబీపీఎస్ మోసేదై ఉండాలి. మొదటి సినిమాకి ఆడియో మెనూలో అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చే కొత్త మిక్స్) కాకుండా 5.1 ట్రాక్ పెట్టి చూడండి. అది 70 ఎంఎం ప్రింట్ల ఆరు ట్రాకుల మిక్స్. 2000లో కొత్త శబ్దాలు చేర్చి చేసిన మిక్స్ పాత అభిమానులకి అందుకే రుచించదు.

కొనేముందు రీజియన్ సంగతి. 4కె డిస్క్‌కి రీజియన్ లాక్ లేదు, అమెరికాలో కొన్నది హైదరాబాద్‌లో ఆడుతుంది. మామూలు బ్లూ-రేకి ఇండియా సి, అమెరికా ఎ. డీవీడీకి ఇండియా 5, అమెరికా 1. కాబట్టి అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లు 4కె డిస్క్‌నే తెప్పించుకోండి, బ్లూ-రే అయితే వెనక ముద్ర చూసుకోండి. ప్లేయర్ లేకపోతే డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ సరిపోతాయి. పీఎస్ 4 ప్రో 4కె డిస్క్ చదవదు, పేరు చూసి మోసపోవద్దు. పాత పాల్ (ఇండియా, ఐరోపా టీవీ పద్ధతి) డీవీడీ ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. సెకనుకి 24 ఫ్రేములది 25గా పరుగెడుతుంది కాబట్టి లెస్టర్ కూర్పు 127 నిమిషాలకి బదులు 122లో అయిపోతుంది. కోత పడిందని కంగారు పడనక్కర్లేదు. స్వరం మాత్రం కొంచెం ఎక్కుతుంది.

మూడు, నాలుగు సినిమాల కోసం ఈ పెట్టె కొనకండి. మూడోదాంట్లో తాగి రోడ్డెక్కిన సూపర్‌మ్యాన్, చెత్త వాహనాల యార్డులో క్లార్క్‌తో తలపడే ఘట్టం ఒక్కటీ బాగుంటుంది. నాలుగోదానికి బడ్జెట్ కోసేశారు, 90 నిమిషాల్లో ఎగిరే షాట్ ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంది, 4కెలో అది మరీ స్పష్టంగా తెలుస్తుంది. మొదటి సినిమా 4కె డిస్క్ 2018 నుంచి విడిగా ఉంది. అది మీ దగ్గరుండి, డానర్ కట్ బ్లూ-రే కూడా ఉంటే, మూడు, నాలుగు సినిమాలు పక్కన పెడితే పెట్టెలో మీకు కొత్తగా వచ్చేవి లెస్టర్ కూర్పు, డానర్ కట్‌ల 4కె డిస్కులే. అవి డిస్కౌంట్ వచ్చేదాకా ఆగగలిగేవే.