కరెంటు పోతే మిషన్ ఆఫ్ అయినట్టు కాదు

ఈరోజు కొత్తపట్నంలో గేటు మార్చే పని. సముద్రం గాలి కదా, పాత గేటు కింది పట్టీలన్నీ తుప్పుపట్టి చెయ్యేస్తే పొడిపొడిగా రాలతా ఉన్నాయి. షాపులో కొత్తగా చేరిన పిల్లోడు, పొదిలి వైపు వాడు, ఇనుము కోసే చక్రముండే గ్రైండర్‌తో ఆ కడ్డీలు కోస్తా ఉండగా కరెంటు పోయింది. వాడు మిషన్ అట్టానే కింద పెట్టి నీళ్ళు తాగేదానికి పోయాడు, నేను అవతల పైపులు కొలుస్తా ఉన్నా.

ఈ నాలుగంగుళాల గ్రైండర్‌కి చాలావాటికి స్విచ్ ముందుకి తోస్తే లాక్ అయిపోద్ది, మళ్ళా మనం నొక్కి వెనక్కి తెచ్చేదాకా ఆన్‌లోనే ఉంటది. కరెంటు పోయి మిషన్ ఆగింది గానీ స్విచ్ ఆగలా. కాసేపటికి కరెంటొచ్చేసరికి అది దానంతటదే లేచి గచ్చు మీద గిర్రున తిరుక్కుంటా పోయి దిమ్మెకి కొట్టుకుంది, చక్రం పగిలి ఒక ముక్క పోయి సిమెంటు బస్తాలో దిగబడింది. ఆ బస్తా పక్కనే కుర్చీ, అప్పటిదాకా ఆ ఇంటి పెద్దాయన దాంట్లోనే చెప్పులిప్పి కూర్చోనున్నాడు, ఫోనొచ్చి లోపలికి పోబట్టి సరిపోయింది. నేను పోయి ప్లగ్ లాగా.

"ఏంది నాయనా, ఎవురూ పట్టుకోకుండానే తిరిగిందే" అంటా బయటికొచ్చాడు పెద్దాయన. పిల్లోడికి చేతులు వణకతా ఉన్నాయి. "ఆగిపోయింది గదన్నా" అన్నాడు. తిట్టబుద్ధి కాలా. కూర్చోబెట్టి చెప్పా, రేయ్, కరెంటు పోయిందంటే మొదట వేలు స్విచ్ మీదికి పోవాల, తర్వాత ప్లగ్ పీకాల, ఆ తర్వాతే నీళ్ళైనా టీ అయినా. మన ఊళ్ళల్లో కరెంటు ఎప్పుడు పోద్దో ఎప్పుడొస్తదో ఎవురికీ తెలవదు, కాబట్టి ఈ అలవాటు లేనోడు మిషన్ పట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. చక్రం మార్చేటప్పుడైనా అంతే, స్విచ్ ఆఫ్ ఉంది గదా అని పానా పెట్టకూడదు, ప్లగ్ ఊడి మన కళ్ళ ముందర కనపడాల.

మధ్యాన్నం అన్నం తిన్నాక పెద్దాయన, బాత్రూం తలుపు కింద ఉబ్బింది, అది గూడా ఈ మిషన్‌తోనే కోసెయ్ నాయనా అన్నాడు. పళ్ళ బ్లేడు కూడా ఇంట్లో ఉందంట. నేను చెయ్యనన్నా. ఇది నిమిషానికి 11,000 చుట్లు తిరిగే మిషన్, చక్రం అంచు వేగం లెక్కేస్తే గంటకి 200 కిలోమీటర్ల పైమాటే, దానికి కొయ్య కోసే పళ్ళ బ్లేడు బిగిస్తే ఒక్క పన్ను చెక్కలో ఇరుక్కున్నా చాలు, మిషన్ ఎగిరి మన మీదికే వస్తది, తొడో చెయ్యో మెడో ఏది అడ్డమొస్తే అది తెగుద్ది. వడ్రంగిని పిలిపించుకోండయ్యా, ఆయన దగ్గర రంపం ఉంటది, చిత్రిక ఉంటది అని చెప్పా. మొహం కొంచెం మాడ్చుకున్నాడు, పర్లేదు.

గార్డు, అంటే చక్రం మీద కప్పుండే రేకు, దాని సంగతి కూడా ఇట్టాంటిదే. మూలల్లోకి దూరట్లేదనో, అయిదంగుళాల చక్రం పట్టట్లేదనో చాలామంది కొన్న రోజే పీకి పారేస్తారు, సైడ్ హ్యాండిల్ అయితే డబ్బాలోనే ఉంటది. చక్రం పగిలినప్పుడు ఆ ముక్క మన కడుపులోకి రాకుండా ఆపేది ఆ రేకు ఒక్కటే. చక్రం మీద ఎన్ని చుట్లు తట్టుకుంటదో రాసుంటది, మధ్యలో ఇనప రింగు మీద గడువు తేదీ కొట్టుంటది, అది చూసి బిగించేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెడలో తువ్వాలు, లుంగీ, వేలాడే చొక్కా చేతులు, ఇవన్నీ మిషన్ దగ్గర వద్దే వద్దు.

సాయంత్రం ఒంగోలు వచ్చేటప్పుడు కర్నూలు రోడ్డులో ఆగి పిల్లోడికి పక్కలు మూసుండే కళ్ళద్దాలు కొన్నా. మొన్నొకాయన కంట్లో ఇనప రజను పడితే పంచె కొస పెట్టి తీసుకోబోయాడు, అట్టా గెలికితే నల్లగుడ్డు గీరుకుపోద్ది, తిన్నగా కంటి డాక్టరు దగ్గరికే పోవాల. షాపు బోర్డుకి, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ యాంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశా, రేపొస్తానన్నాడు. టేపు చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరు ముక్కలు చేసి పడేశా, మళ్ళా ఎవురూ వాడకుండా.