కదలని తరగతి గదిలో ఒక్క కుర్రాడు

బడి పిల్లల వేదనను చూపిన రాక్ వీడియోలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసినది పెర్ల్ జామ్ బృందం పాడిన 'జెరెమీ'కి మార్క్ పెల్లింగ్టన్ దర్శకత్వంలో 1992లో వచ్చిన వీడియో. 1991 జనవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, రిచర్డ్‌సన్‌లో ఒక విద్యార్థి తరగతి గదిలో, తోటివారి కళ్లెదుటే ప్రాణం తీసుకున్నాడన్న వార్తను పత్రికలో చదివి, గాయకుడు ఎడ్డీ వెడర్ ఈ పాట రాశాడు.

చాలా దృశ్యాలలో ఆ కుర్రాడు ఒక్కడే కదులుతాడు. భోజనాల బల్ల దగ్గర అతడు గొంతు చించుకుని అరుస్తున్నా తల్లిదండ్రులు ఉలకరు, పలకరు. వేలెత్తి చూపిస్తూ నవ్వే సహవిద్యార్థులు సైతం బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. పట్టించుకోకపోవడం అనే నేరాన్ని ఒక్క సంభాషణైనా లేకుండా ఇంత సూటిగా చూపిన వీడియోను నేను మరొకటి చూడలేదు.

అయితే చివర్లో తుపాకీ స్పష్టంగా కనిపించే భాగాన్ని ఎంటీవీ కోసం కత్తిరించడంతో, రక్తపు మరకలతో స్తంభించిన పిల్లలను చూసిన ఎందరో ప్రేక్షకులు అతడు తోటివారినే కాల్చాడని పొరబడ్డారు. పిల్లలను కాపాడాలన్న ఉద్దేశంతోనే కోత పెట్టి ఉండవచ్చు గానీ, దాని వల్ల బాధితుడు హంతకుడిగా కనిపించడం ఆ అబ్బాయికి జరిగిన మరో అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 1993లో ఎంటీవీ ఉత్తమ వీడియో పురస్కారం అందుకున్నదీ ఇదే. కోత లేని రూపాన్ని బృందం 2020లో గాని అధికారికంగా విడుదల చేయలేదు.