పిల్లలకు మొదటి కుట్టు మిషను: హ్యాండిలా, మోటారా?

ఎండాకాలం సెలవులు దగ్గర పడేకొద్దీ ‘మా పాపకు కుట్టు నేర్పిస్తాం, చిన్న మిషను ఏదైనా చెప్పండి’ అని అడిగేవాళ్లు ఎక్కువైతారు. చిన్న పిల్లలకు చిన్న మిషను అనే లెక్క ఇక్కడ పనికిరాదు. బ్యాటరీలతో నడిచే ప్లాస్టిక్ మిషను చూసేదానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సూది పక్కన గుడ్డను అదిమిపట్టాల్సిన ఫుట్ గట్టిగా అదమదు, గుడ్డను జరిపే కింది పళ్లకు పట్టు ఉండదు, రెండు మడతలు పెడితే మోటారు మూలుగుతుంది. చేతిలో పట్టుకొని టక్కుటక్కుమని నొక్కే రకమైతే ఇంకా దండగ. దాంట్లో కింది దారం చుట్టే బాబినే ఉండదు. ఒక్క పోగుతో గొలుసు కుట్టు పడుతుంది, చివర ముడి వేయకుంటే లాగిన వెంటనే మొత్తం ఊడొస్తుంది. తప్పు తనదో మిషనుదో తెలీక పిల్ల విసుగెత్తి వదిలేస్తుంది.

రెండో తప్పు దీనికి తలకిందులు. రాయదుర్గం జీన్స్ యూనిట్లలో వాడే రకం పవర్ మిషను సెకండ్‌హ్యాండ్‌లో సలీసుగా దొరికిందని ఇంటికి తెచ్చేది. అది నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేసేదానికి చేసిన మిషను. ఇంట్లో వాడేవి వెయ్యి లోపే. తొక్కగానే ఒక్కసారిగా వేగం అందుకునే క్లచ్ మోటారుదైతే పెడల్ మీద కాలు కొంచెం బరువైనా గుడ్డతోపాటు వేలు కూడా లోపలికి పోతుంది. పెద్దోళ్లకే చేయి కుదిరేదానికి కొన్నాళ్లు పడుతుంది.

ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు మన పాత నల్ల మిషనే మేలు, హ్యాండిల్ బిగించినది. చేయి ఆగితే సూది ఆగుతుంది, ఇంతకన్నా భద్రం ఏముంది? కరెంటు పోయినా పని ఆగదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది: కుడిచేయి హ్యాండిల్ మీద ఉంటే గుడ్డను నడిపేదానికి ఎడమచేయి ఒక్కటే మిగులుతుంది, పొడుగు కుట్లు వంకర పోతాయి. అందుకే హెడ్ (స్టాండు కాకుండా కుట్టే మిషను భాగం) కొనేటప్పుడే వెనక నిలువు భాగం మీద బోల్టు రంధ్రం ఉండే దిమ్మె ఉందా, చక్రం ఆకులు ఉన్నదేనా చూసుకోండి. హ్యాండిల్ కూర్చునేది ఆ దిమ్మె మీదే, పదేళ్లు దాటినాక రెండు చేతులూ గుడ్డ మీదే ఉండేలా మోటారు బిగించేది కూడా అక్కడే. ఒకే హెడ్ పిల్లతోపాటు పెరుగుతుంది.

కాలి మిషను కావాలంటే పిల్ల కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చున్నా రెండు పాదాలూ పెడల్ మీద పూర్తిగా ఆనాలి. ఆనకపోతే ఇంకో ఏడాది ఆగండి. తొక్కుడు లయ తప్పితే చక్రం వెనక్కి తిరిగి, బాబిన్ ఉండే షటిల్లో దారం చుట్టుకుంటుంది. చక్రం ఎప్పుడూ మన వైపుకే తిరగాలి.

సెకండ్‌హ్యాండ్ హెడ్ అయితే అంగట్లోనే దారం తీసేసి చక్రం మెల్లగా చేత్తో తిప్పండి. ఒకచోట బిగుసుకొని ఇంకోచోట వదులైతే లోపల నూనె జిగురు కట్టిందనో, ఏదో వంగిందనో అర్థం. మొదటిదైతే కిరోసిన్‌తో కడిగి నూనె వేస్తే పోతుంది. సూదికడ్డీని పట్టుకొని పక్కలకు ఊపండి, కదిలితే అరిగిపోయినట్టే. సూది దిగే ప్లేటు రంధ్రం చుట్టూ వేలు పెట్టి తడమండి. సూది తగిలి గీతలు పడి ఉంటే దారం చీలి తెగుతుంటుంది. చివరగా మీ ఇంటి కాటన్ గుడ్డే రెండు మడతలు పెట్టి, పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి కుట్టించండి. అడుగున ఎర్రచుక్కలు కనిపిస్తే పై దారం వదులు, పైన తెల్లచుక్కలు కనిపిస్తే బిగువు. పై దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూతో సరిపోతే ఆ మిషను తీసుకోవచ్చు. బాబిన్ కేసు స్క్రూ జోలికి ఊరికే పోవద్దు.

పదేళ్లు దాటినాక మోటారు పెట్టినా, జిగ్‌జాగ్ పడే కరెంటు మిషను కొన్నా, వేగం తగ్గించే మీట ఉంటే మంచిది. లేకుంటే పెడల్ మూత కింద చిన్న చెక్కముక్కో గట్టి స్పాంజో ఇరికిస్తే పూర్తిగా నొక్కుకోదు. కాలు అందకపోతే పెడల్‌ను గట్టి పెట్టె మీద పెట్టండి, పిల్లను కుర్చీ అంచుకు జరపొద్దు. ఫుట్ ముందు బిగించే వేలి రక్షణ కమ్మీ దొరికితే బిగించండి. సూది మార్చేటప్పుడు ప్లగ్ పీకేసేది మొదటి రోజే అలవాటు చేయాలి.

నేర్పడం దారం లేకుండా మొదలుపెట్టండి. గీతల నోటుపుస్తకం కాగితం మీద, పాత సూదితో, గీత వెంటే కుట్టమనండి. కాగితం సూదిని మొద్దు చేస్తుంది, ఆ సూదిని మళ్లీ గుడ్డకు వాడొద్దు. తర్వాత మూలలు: సూది గుడ్డలోకి దింపి, ఫుట్ ఎత్తి, గుడ్డ తిప్పి, ఫుట్ దించాలి. గీత నిలిస్తే పాప్లిన్‌కు రండి, సూది 14 నంబరు. ధర్మవరం పట్టు ముక్కలు ఇంట్లో ఉన్నా ఇప్పుడే వద్దు, జారతాయి, సూది గుచ్చిన చోటల్లా మచ్చ ఉండిపోతుంది. జీన్స్ ప్యాంటు అంచైతే 16 లేదా 18 నంబరు వేసి, మందంగా ఉన్న చోట చక్రం చేత్తోనే తిప్పాలి. సన్న సూదితో మోటారు తొక్కితే సూది విరిగి ముక్క ఎగురుతుంది.

పిల్లలకు ఎక్కువగా వచ్చే తంటా అడుగున దారం గుత్తులు కట్టడం. అందరూ బాబిన్‌ను తిడతారు, తప్పు చాలాసార్లు పై దారానిదే. ఫుట్ దించి దారం ఎక్కిస్తే దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకొని ఉంటాయి, దారం వాటి మధ్యకు పోదు. ఫుట్ ఎత్తి మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ నాలుగు అంగుళాలు వెనక్కి లాగి వేలితో పట్టుకోవాలి. కుట్లు తప్పిపోతుంటే సూది వంగిందా, తిరగబడిందా చూడండి. పొడుగు గాడి ఉన్న వైపు నుంచే దారం కన్నంలోకి పోవాలి.

కొబ్బరినూనె మాత్రం ఏ రంధ్రంలోనూ పోయొద్దు. మన ఎండకు, దుమ్ముకు కొన్నాళ్లకు జిగురైపోతుంది. మిషను నూనె ఒక్కో రంధ్రంలో ఒక్క చుక్క, షటిల్ తిరిగే గాడిలో ఒకటి వేసి, ఆ తర్వాత పాత గుడ్డ మీద కాసేపు కుట్టిస్తే చాలు.