అవ్వ వేలు పెట్టిన చోటు

శ్రీశైలం నీళ్లు దిగితే మా అవ్వ వాళ్ల ఊరు బయటపడుతుంది. ఊరంటే ఇప్పుడు పునాది రాళ్లు, ఒక బావి గట్టు, అక్కడక్కడా రోళ్లు, అంతే. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. అందులో ఇదొకటి. డ్యాం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో మట్టం బాగా పడిపోయాక సంగమేశ్వరం గుడి తేలినట్టే మా ఊరి రాళ్లూ తేలతాయి.

మూడేళ్లుగా ప్రతి మే నెలా కెమెరా పట్టుకుని అక్కడికి పోతున్నా. అక్కడ నిలబడితే ఒంటికి తెలిసే ఆ నిశ్శబ్దం ఫొటోలోకి రావాలని నా ఆశ.

మొదటి ఏడు చాలా వెడల్పుగా చూపించే 16 ఎంఎం లెన్స్ తీసుకుపోయాను. ఎంత ఖాళీ చూపిస్తే అంత ఖాళీగా ఉంటుందనుకున్నా. నేల మీదికి వంగి, పగుళ్లిచ్చిన ఒండ్రుమట్టిని ముందు పెట్టి, దూరంగా నల్లమల కొండలు వచ్చేలా తీశాను. ఫొటోలు చూసిన వాళ్లందరూ బాగున్నాయన్నారు. నాకు మాత్రం వాటిలో గోల వినిపించింది. కారణం తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆ పగుళ్లే. ఒక్కో పగులూ ఒక్కో గీత. వందల గీతలు కంటిని ఒక చోట నిలవనివ్వవు. ఎండిన చెరువు అనగానే అందరం పగుళ్లే తీస్తాం గానీ, అవి కరువును చెబుతాయి, నిశ్శబ్దాన్ని కాదు.

రెండో ఏడు ఎన్‌డీ ఫిల్టర్ కొన్నాను, లెన్సులోకి వెలుతురు తగ్గించే నల్లద్దం. తెల్లవారుజామున సెకనులో ఎనిమిదో వంతు సరిపోయే చోట రెండు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచితే అలలు పోయి నీళ్లు పాలమీగడలా అయిపోతాయి. ఫొటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగ్యురే 1838లో పారిస్ వీధిని తీసిన ఫొటో గుర్తొచ్చింది. రద్దీ వీధే, కానీ ఎక్స్‌పోజర్ నిమిషాల పాటు సాగేసరికి కదిలే మనుషులూ బండ్లూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఆ ఒక్కడి వల్లే వీధంతా ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తుంది. నా ఫొటోల్లో అలాంటి వాడెవడూ లేడు. నునుపైన నీళ్లు, నునుపైన ఆకాశం. ఏ దేశపు చెరువైనా కావచ్చు.

జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో సముద్రాన్ని సరిగ్గా మధ్యకు కోసినట్టు తీస్తాడు. సగం నీళ్లు, సగం ఆకాశం, ఇంకేమీ ఉండదు. ఆయన ఫొటోలంటే నాకు ప్రాణం. అయితే అది ఇంకా ఎవరూ రాని చోటు. మా అవ్వ ఊరు మనుషులుండి పోయిన చోటు. ఈ రెండు ఖాళీలూ ఒకటి కావని నా నమ్మకం. రెండోదానికి పోయినవాళ్లది ఏదో ఒక వస్తువు మిగిలి ఉండాలి.

అందుకే పోయిన మే నెలలో దాదాపు కంటికి కనపడినట్టే చూపించే 50 ఎంఎం లెన్స్ ఒక్కటే పట్టుకుని పోయి ఒక రోలు దగ్గర కూర్చున్నాను. దాని అంచు ఒక వైపే అరిగి ఉంది. రుబ్బేవాళ్లు ఎప్పుడూ ఆ వైపే కూర్చునేవాళ్లేమో. గుంతలో ఎండిన ఒండ్రు, అందులో చిన్న గుల్ల. దగ్గరగా తీస్తే అందమైన రోలు ఫొటో అవుతుంది, నాకు అది వద్దు. వెనక్కి నడిచాను. ముప్పై అడుగులు, నలభై అడుగులు. రోలును ఫ్రేములో కుడివైపు కింది మూలకు తోసేశాను, ఇంకొంచెం జరిపితే బయటికి పోయేంత అంచుకు. అరిగిన వైపు ఎడమకు, అంటే ఖాళీ వైపుకు తిరిగి ఉండేలా నిలబడ్డా. లిఫ్టు మోటార్ల పైపులు ఫ్రేములో పడకుండా రెండడుగులు పక్కకు జరిగాను. మేకల మంద దాటేదాకా ఆగాను. వడగాలి రోజు కదా, ఆకాశం తెల్లగా కాలిపోయి నీటి గీత సరిగా కనపడటం లేదు. ఒక స్టాప్ పెంచి, అంటే వెలుతురు రెట్టింపు రానిచ్చి, ఆ గీతను ఇంకా కరిగించేశాను.

నిజానికి ఆ సమయంలో అక్కడ నిశ్శబ్దమేమీ లేదు. పుట్టి దగ్గర ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటున్నారు, దూరంగా మోటారు కొట్టుకుంటోంది.

ఇంటికొచ్చి అవ్వకు మూడేళ్ల ఫొటోలూ ట్యాబులో చూపించాను. పగుళ్లవి చూసి "ఎండలు ముదిరినాయి" అంది. నున్నటి నీళ్లు చూసి ఏమీ అనలేదు. రోలు ఫొటో వచ్చాక చేత్తో ట్యాబును తన వైపు తిప్పుకుంది. రోలును చూస్తుందనుకున్నా. ఆమె వేలు నేరుగా ఎడమవైపు తెల్లటి ఖాళీలోకి పోయింది.

"ఈడ చింతచెట్టు ఉండె. దాని పక్కన మీ పెద్దజేజి వాళ్ల వాకిలి" అంది. వేలు ఇంకొంచెం పైకి జరిపి, "ఈడ దొడ్డి" అంది.

ఫొటో కదిలిపోకుండా నేను ట్యాబును అలాగే పట్టుకుని కూర్చున్నాను.